కాకతీయుల నాటి బావి

జూలై 2, 2006, ఆదివారం

పొద్దున మణుగూరు బస్సుకు అన్న యాడిని తీసుకొచ్చి దింపి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. రేపు యాడి కుడికంటికి ఆపరేషన్. డాక్టరు మళ్లీ చూసి సరే అనేవరకు ఇక్కడే ఉంచుకోవాలి. అడవి అంచున ఆ తండాలో దుమ్ము, పొయ్యి పొగ. నా దగ్గరే నయం.

ఆటో ఎక్కకముందే నా పాత శాలువా తీసి ఆమె తలమీంచి కప్పాను. ఎండగానే ఉంది, కానీ కంట్లో దుమ్ము పడకూడదు కదా. ఇంటికి రాగానే అద్దాల రవికె, లంగా విప్పించి నా నూలుచీర కట్టాను. గడ్డం మీద పచ్చబొట్టు ఎటూ పోదు. ముసలివాళ్లకు ఎవరికైనా ఉంటుంది, ఫర్వాలేదు.

యాడి కొంగు సర్దుకుంది. "నీ ఇల్లు, నీ ఇష్టం బిడ్డా" అంది మా భాషలో. మెల్లగా మాట్లాడమన్నాను. పైవాటాలో ఇంటివాళ్లుంటారు.

భాను స్నానం చేసి వచ్చి, "అమ్మమ్మను యాడి అని ఎందుకు పిలుస్తవమ్మా?" అంది.

"అమ్మ అనే. అది హిందీ" అన్నాను.

"హిందీల మా అంటరు గద."

పదేళ్ల పిల్లకు ఏం చెప్పను. వాళ్ల ఊళ్లో హిందీ వేరుగా ఉంటుందన్నాను. నమ్మింది.

జూలై 4

ఆపరేషన్ బాగా జరిగింది. దవాఖానాలో చీటీ మీద పేరు రాసుకునే అమ్మాయి ఇంటిపేరు అడిగితే మా ఆయన రవి నాకంటే ముందే అందుకుని "జమున" అని ఒక్క పేరే చెప్పాడు. జమ్లి అని పిలిస్తే పలికే యాడి, జమున అని పిలిస్తే పలకలేదు. నర్సు మూడుసార్లు పిలిచింది.

జూలై 6

సెలవు అయిపోయింది, బడికి వెళ్లాను. రవి ఆరింటికే ఇల్లందు బస్సెక్కుతాడు. యాడిని ఒక్కదాన్నే వదలాలి. కంటికి కట్టు ఉంది, గడప దిగితే మెట్లు, ఆ పైన రోడ్డు. అందుకే బయట తాళం వేశాను. ఆమె మంచికే.

అన్నం, పప్పు, మంచినీళ్ల చెంబు అన్నీ చేతికందేలా పెట్టాను.

జూలై 9, ఆదివారం

బసవపున్నయ్య మాస్టారు, అనంతమ్మ పిన్నిగారు కిందికి వచ్చారు. ఇంటివాళ్లు కిరాయి మాట తప్ప వేరే పనిమీద రావడం తక్కువ. మాస్టారు మధిర వైపు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. కాలనీ సంఘానికి ఇప్పుడు ఆయనే అధ్యక్షుడు.

"అమ్మా పుష్పా, వచ్చే ఆగస్టు పదిహేనుకి మన కాలనీకి పాతికేళ్లు. చిన్న పుస్తకం వేస్తున్నాం. కాలనీ నేపథ్యం, చరిత్ర అని ఓ నాలుగు పేజీలు నువ్వు రాయాలి. సోషల్ టీచరువి, నీకంటే ఎవరున్నారు?"

"నేను నాలుగేండ్ల కింద వచ్చినదాన్ని మాస్టారూ. నాకేం తెలుసు?"

"నేను చెప్తాగా, నువ్వు రాసుకో. ఇక్కడ ముందేమీ లేదు. తుప్పలు, రాళ్లు, పాములు. మొదట మేం పదకొండు కుటుంబాలు వచ్చాం. కరెంటు లేదు, రోడ్డు లేదు. ఖానాపురం హవేలి అంటేనే ఊరవతల అనేవాళ్లు, దానికీ అవతల మనం."

"బావి ఉండేదిగా" అంది పిన్నిగారు. "మొదటి రెండేళ్లూ ఆ నీళ్లేగా తాగింది. ఎవరు తవ్వారో తల్లీ, ఎండాకాలంలో కూడా ఎండేది కాదు. కొబ్బరినీళ్లలా ఉండేవి. పూడ్చి కమ్యూనిటీ హాలు కట్టినప్పుడు నాకు ఏడుపొచ్చింది."

లోపలి గదిలో యాడి దగ్గింది.

"మీ అత్తగారా?" అని అడిగింది పిన్నిగారు.

"మా అమ్మ. కన్ను ఆపరేషన్. పడుకున్నది" అన్నాను. చూసి వస్తానని లేవబోయింది. ఇప్పుడే నిద్రపట్టిందన్నాను.

రాస్తానని ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ఎందుకు అని అడుగుతారు.

జూలై 12

"ఈ ప్రాంతం పూర్వం" అని రాశాను. కొట్టేశాను.

జూలై 16, ఆదివారం

ఈ ఇల్లు చూడటానికి వచ్చిన రోజే నాకు తెలిసింది. వెనక గుట్ట అట్లాగే ఉంది, ఏనుగు పడుకున్నట్టు. మా తండా ఈ నేలమీదే ఉండేది. నాకు పదకొండేళ్లప్పుడు ఎవరో వచ్చి, ఈ భూమి మీ పేరున లేదన్నారు. మా నాన్న బిచ్యా రెండుసార్లు ఆఫీసుకు తిరిగి వచ్చి, మూడోసారి బండి కట్టమన్నాడు. అందరం ఇల్లందు దాటి అడవిలోకి పోయాం. కొందరు ఇల్లందులో ఆగి గని పనుల్లో చేరారు. మేం మణుగూరు దాకా పోయాం. అక్కడ నాలుగేళ్లకు నాన్న జ్వరంతో పోయాడు. నేను హాస్టల్లో ఉండి చదువుకున్నాను.

ఇల్లు వద్దని రవికి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అప్పటికే ఎన్నో ఇళ్లు తిరిగాం. "ఏమోళ్లు?" అని అడగడం, చెప్పడం, "ఇంట్లోకి మా తమ్ముడొస్తున్నాడమ్మా" అనడం. ఇక్కడ మాస్టారు అడిగినప్పుడు రవి ఓ కులం పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ కూడా రాయలేను. ఇల్లందు ఆఫీసులో అతను రవి నాయక్. బస్సు దిగి ఈ వీధి మలుపు తిరిగితే రవికుమార్.

ఈ రోజు కట్టు విప్పారు. యాడి కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు గుట్ట వైపు చూసింది.

"పుష్పా, మన బాయి ఏడబాయె?"

గుర్తుపట్టదనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలియదు.

"పూడ్చిండ్రు యాడీ."

"ఎందుకు?"

"పైపుల నీళ్లొస్తున్నయ్."

"అంత కష్టపడి తవ్వితిమి" అంది. మళ్లీ గుట్ట వైపు తిరిగింది. ఈ రోజుల్లోనే తండాల్లో సీత్లా అమ్మవారి పండుగ చేసుకుంటారు, ఆమెకు అది గుర్తొచ్చిందేమో. నేను అడగలేదు. కుక్కర్ విజిలేసింది.

జూలై 20

నాలుగు పేజీలు ఇచ్చాను. బావి గురించి "పూర్వం ఇక్కడ నివసించినవారు తవ్వుకున్న బావి" అని రాశాను. అబద్ధం కాదు. అంతకంటే ఏం కావాలి.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని నిలబడే చదివాడు.

"అంతా బాగుంది. ఈ పూర్వం నివసించినవారు ఎవరమ్మా?"

"ఎవరో ఉండి ఉంటరు గద మాస్టారూ, బావి ఉన్నదంటే."

"ఎవరో అంటే బాగోదు. చరిత్రలో ఎవరో అనేవాళ్లుండరు." జేబులోంచి పెన్ను తీశాడు. "కాకతీయుల నాటి దిగుడు బావి అని వేద్దాం. ఖమ్మం కోట ఎంత దూరం, వాళ్లు తవ్వించే ఉంటారు. మన కాలనీకీ ఓ గౌరవం."

"దానికి మెట్లు లేవు కదా" అన్నాను.

"నువ్వు చూశావా?"

నాలుక కరుచుకున్నాను. "పిన్నిగారు చెప్పిండ్రు, మోకు కట్టి చేదేవాళ్లమని."

"మెట్లు కూలిపోయి ఉంటాయి" అని కొట్టేసి రాసుకున్నాడు.

జూలై 23, ఆదివారం

రవికి చెప్తే నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. తర్వాత అన్నాడు, "మంచిదే గద. మీ నాయిన కాకతీయ రాజైండు."

నేను నవ్వలేదు. అన్నం తినకుండా లేచాను. లేచినందుకు గొడవైంది. గొడవంతా గుసగుసల్లోనే. మా ఇంట్లో కోపం కూడా గుసగుసే.

"హాస్టల్ల నన్ను ఏమని పిలిచేటోళ్లో నీకు చెప్పిన" అన్నాడు. "భాను ఆ మాట వినొద్దు. గంతే నేను కోరేది. ఈ అత్త ఇల్లు, ఆ అత్త ఇల్లు అనుకుంట ఆ పిల్ల ఈ వీధిల అన్ని ఇండ్లల్ల తిరుగుతది. అది పోగొడతవా?"

పోగొట్టను. అదే చెప్పాను.

జూలై 30

డాక్టరు ఇంకో వారం అన్నాడు. యాడి ఇంటికి పోతానంటుంది. రోజూ అదే మాట. ఇక్కడ ఏం తక్కువైంది అని అరిచాను. అరిచాను అంటే, మెల్లగానే.

ఆగస్టు 4

వాన తెరిపి లేదు. భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందట. అన్న ఫోన్ చేశాడు, వాగులు పొంగి మణుగూరు దారి మూసేశారు, యాడిని ఇప్పుడు పంపొద్దన్నాడు. యాడి సంచి సర్దుకుని ఉంది. విప్పించాను.

ఆగస్టు 5

తాళం వేశాను.

ఆగస్టు 7

తాళం వేశాను. యాడి అడిగింది, "దొంగలొస్తరా బిడ్డా?" అవ్ అన్నాను.

ఆగస్టు 8, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం బడికి మనిషి వచ్చాడు, ఇంటికి రమ్మని. పరుగెత్తాను. మా తలుపు తీసి ఉంది. తాళం, దానితోపాటు గొళ్లెం ఊడి నేలమీద ఉన్నాయి, పక్కన పిన్నిగారి రుబ్బురోలు పొత్రం. ఆ బరువు పైనుంచి ఎట్లా మోసుకొచ్చిందో.

యాడి స్నానాలగదిలో జారిపడింది. తల నల్లాకు తగిలింది, ఆపరేషన్ చేసిన వైపే. పొద్దున పది నుంచీ పిలుస్తోందట. తలుపు దగ్గరికి పాక్కుంటూ వచ్చి, నన్ను పిలిచి, భానును పిలిచి, చివరికి వాళ్లమ్మను పిలిచిందట. వాన చప్పుడుకు పైన వినబడలేదు. కరెంటు పోయి టీవీ ఆగాక పిన్నిగారు విన్నది.

నేను వెళ్లేసరికి పిన్నిగారు నేలమీద కూర్చుని యాడి తల ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డ వేస్తోంది. యాడి మా భాషలోనే ఏదో చెప్తోంది. పిన్నిగారు ప్రతిమాటకూ "సరే అమ్మా, సరే" అంటోంది.

నన్ను చూసి, "బయట తాళం ఎందుకేశావు పుష్పా?" అంది.

ఆమె మంచికే అని నోటిదాకా వచ్చింది. ఊడిన గొళ్లెం తీసి పక్కన పెట్టాను.

ఆగస్టు 9

డాక్టరు చూశాడు. కంట్లో రక్తం చిమ్మిందట. కరిగిపోతుంది, కానీ చూపు అనుకున్నంత రాదు, మసగ్గానే ఉంటుందన్నాడు. "పేషెంటు ఒక్కతే ఉన్నదా?" అని అడిగాడు. రవి నావైపు చూడలేదు.

ఆగస్టు 10

సాయంత్రం మాస్టారు ఒక్కడే వచ్చాడు. రవి ఉన్నప్పుడే వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు, టీ వద్దన్నాడు. నాలుగేళ్లలో ఆయన మా ఇంట్లో టీ వద్దనడం ఇదే.

"మా ఆవిడ చెప్పింది. లంబాడీ భాష మేం ఎరగనిది కాదు, నేను తండాలున్న మండలాల్లోనూ పనిచేశాను. ముందే చెప్పి ఉంటే బాగుండేది రవీ."

రవి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను ఆఫీసులో సూపరింటెండెంటు ముందు కూడా అట్లా నిలబడడేమో.

"నాకు పట్టింపులు లేవు" అన్నాడు మాస్టారు. "కానీ నలుగురితో ఉండాలి కదా. ఇది మన నలుగురి మధ్యే ఉంచుదాం. మీరు మామూలుగా ఉండండి. పుష్ప వ్యాసం ప్రెస్సుకి వెళ్లింది, దానిమీద ఆమె పేరుంటుంది, పదిహేనున పైకి పిలిచి శాలువా కప్పుతాం. మీ అమ్మగారు ఊరికి వెళ్లేదాకా కొంచెం చూసుకోండి. అంతే."

"చాలా థాంక్స్ మాస్టారూ" అన్నాడు రవి.

ఆయన పోయాక రవి మంచం మీద కూర్చుండిపోయాడు. "మంచోడు. వేరేటోడైతే ఇయ్యాల్నే సామాన్లు బయట పెడుతుండె. ఊకో పుష్పా, దండం పెడత, ఊకో."

ఊరుకుంటానన్నాను. ఊరుకోవడం నాకు కొత్త కాదు.

ఆగస్టు 13

యాడి కిటికీ దగ్గర కూర్చోవడం లేదు. గుట్ట ఇప్పుడు మబ్బులాగా కనబడుతోందంటుంది.

తాళం ఇంట్లో లేదు. రవి కొత్తది తేలేదు, నేను అడగలేదు. ఈ రెండు రోజులూ పగలు పిన్నిగారు వచ్చి యాడి దగ్గర కూర్చుంటోందని భాను చెప్పింది. మాస్టారికి తెలుసో లేదో.

ఆగస్టు 15, మంగళవారం

జెండా ఎగరేశాక కమ్యూనిటీ హాల్లో సభ. వీధంతా వచ్చారు. భాను బడి పిల్లల డ్యాన్సు ఉంది. మా ప్రిన్సిపాల్ ముందు వరుసలో కూర్చున్నాడు. కుర్చీల మీద పుస్తకాలు పెట్టారు. నా పేజీ తీసి చూశాను. "శ్రీమతి పుష్పా రవికుమార్." దాని కింద కాకతీయుల బావి. పేజీ మూలన ఓ దిగుడు బావి బొమ్మ కూడా వేయించారు, మెట్లతో, మెట్లమీద కుండలు మోసే స్త్రీలతో.

ఆ హాలు నేల కింద బావి ఉందని నాకు తెలుసు. ఇన్నేళ్లూ పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు ఆ నేలమీద తిరిగాను. భోజనాలు వడ్డించాను.

శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. థాంక్స్ చెప్పి దిగుదామనే మైకు పట్టుకున్నాను, నిజంగానే. మూడో వరుసలో రవి, పక్కన భాను.

"అందరికీ నమస్కారం" అన్నాను. "ఈ పుస్తకంల బావి గురించి వేసింది తప్పు. ఇక్కడ మా తండా ఉండె. ఆ బావి మా నాయిన తవ్విండు. ఆయన పేరు బిచ్యా. నేను లంబాడీదాన్ని."

మైకు కీచుమంది. వెనక ఎవరో రెండు చప్పట్లు కొట్టి ఆపేశారు. మాస్టారు మైకు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, "సంతోషం. ఇప్పుడు పిల్లల నృత్యం" అన్నాడు.

డ్యాన్సు బాగా జరిగింది. టిఫిన్లు పంచారు. నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ప్రిన్సిపాల్ వెళ్తూ వెళ్తూ తల ఊపాడు, ఎందుకో తెలియదు.

ఇంటికి వస్తూ దారిలో భాను అడిగింది, "అయితే అమ్మమ్మది హిందీ కాదా?"

"కాదు."

"మరి నాకెందుకు నేర్పలే?"

రవి ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు. ఇంటికొచ్చాక ఒక్క మాట అన్నాడు, "నన్ను ఒక్కసారి అడిగితే పోయేది." నిజమే. అడగలేదు.

ఆగస్టు 16

పొద్దున యాడికి అంతా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. పొంగిపోతుందనుకున్నాను, అదీ నిజం.

ఆమె అంతా విని, "మీ నాయిన తవ్విండు అన్నవా?" అంది.

"అవ్."

"మీ నాయిన ఒక్కడు తవ్విండా? తండ అంత తవ్వింది. ఆడోళ్లం మట్టి మోసినం. నువ్వు కడుపుల ఉన్నవ్, అయినా మోసిన. హేమ్లి పేరు చెప్పినవా?"

"హేమ్లి ఎవరు?"

యాడి నావైపు ముఖం తిప్పింది. ఆ కంటికి నేను ఎట్లా కనబడుతున్నానో.

"నా చెల్లె. నీ చిన్నమ్మ. నీళ్లు పడే ముందు ఒక దిక్కు మట్టి విరిగి పడ్డది. కింద తట్ట నింపుతున్నది. తీసేసరికి అయిపోయింది. పెండ్లి గాలే దానికి. బాయి వదిలేద్దమన్నరు అందరు. మా అమ్మనే అన్నది, తవ్వుండ్రి, దానికోసమన్న నీళ్లు పడాలె అని. మల్ల మూడొద్దులకు పడ్డయ్."

"నాకు ఎన్నడు చెప్పలే యాడీ."

"నువ్వు ఎన్నడు అడిగినవ్?"

కోపంగా అనలేదు. అన్నం తిన్నావా అని అడిగినట్టే అంది.

ఆ బావి నీళ్లు తాగి పెరిగాను. నలుగురి ముందు నిలబడి దాని గురించి నిజం చెప్పాననుకున్నాను. కూర్చుని అడగడం మొదలుపెట్టాను. మట్టి ఎవరు మోశారు, మోకు ఎవరిది, రాయి పగలగొట్టడానికి ఎవరొచ్చారు. యాడి చెప్తూ పోయింది. బడికి వెళ్లలేదు.

సాయంత్రం పిన్నిగారు గుమ్మం దగ్గర నిలబడి, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నారని చెప్పింది. "చెప్పమన్నారు" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపలికి రమ్మన్నాను. వచ్చింది. యాడి పక్కన కాసేపు కూర్చుని, వెళ్లిపోయింది.

ఆగస్టు 18

బడిలో ఎవరూ ఏమీ అనలేదు. టిఫిన్ డబ్బాలు తెరిచినప్పుడు ఇద్దరు వేరే బల్ల దగ్గరికి వెళ్లారు. వాళ్లకు అక్కడ గాలి బాగా వస్తుందేమో. కాదు. ఇంక అట్లా రాయకూడదు. నాతో తినడం ఇష్టం లేక వెళ్లారు.

ఆగస్టు 20, ఆదివారం

దారి తెరిచారు. యాడిని మణుగూరు బస్సెక్కించాను. తన రవికె, తన లంగా వేసుకుని వీధిలో నడిచింది, నా చేయి పట్టుకుని. కిటికీల్లోంచి చూశారు. భాను రెండో చేయి పట్టుకుంది. బస్సు కదిలేదాకా భాను మా భాషలో నేర్చుకున్న ఒకే మాట పదేపదే అడిగింది, మళ్లీ ఎప్పుడొస్తావని. తప్పుగా పలుకుతోంది. యాడి దిద్దలేదు.

ఆగస్టు 27, ఆదివారం

రవి ఈ పన్నెండు రోజుల్లో నాతో అవసరానికే మాట్లాడాడు. ఈరోజు పొద్దున బండి తుడిచి, "పా, ఇండ్లు చూద్దం" అన్నాడు.

మొదటి ఇంట్లో ఆమె "ఏమోళ్లమ్మా?" అని అడిగింది. నేను చెప్పాను. వాళ్ల తమ్ముడొస్తున్నాడట. రెండో ఇంటి ముందు కిరాయి బోర్డు ఉంది, మాట్లాడాక, ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్నారు. బోర్డు తీయడం మరిచిపోయారట.

మూడోది రైలుగేటు అవతల. చిన్న ఇల్లు, కొత్తగా సున్నం వేసి ఉంది. ముసలాయన తలుపు తీసి గదులు చూపించాడు. వెళ్లేముందు, మామూలుగానే, "మీరేమోళ్లు సారూ?" అన్నాడు, రవిని చూసి.

నేను నోరు తెరవబోయాను. రవి నా మోచేయి మీద చేయి వేశాడు. గోడమీది కరెంటు మీటరునే చూస్తూ అన్నాడు.

"లంబాడోళ్లం. నా పేరు రవి నాయక్."

ఈ ఊళ్లో ఆ పేరు అతని నోట వినడం నాకు ఇదే మొదటిసారి.

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "కొడుకును అడిగి చెప్త" అన్నాడు. ఫోన్ నంబరు తీసుకున్నాడు. చేస్తాడో చేయడో.

బయటికొచ్చి రవి బండి స్టార్ట్ చేయకుండా కాసేపు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. చెమటలు పట్టాయి. మంచినీళ్ల సీసా ఇచ్చాను. సగం తాగి నాకిచ్చాడు.

"పుష్పా, ఆ ఎనక వీధి చూసినమా?"

"చూడలే."

"కూసో మరి" అన్నాడు.